అమ్మిన కారుకు వెనక్కి పిలుపు

పిల్లలూ, మీ అమ్మగారు సంతలో కుండ కొనేటప్పుడు ఏం చేస్తారో చూశారా? కుండను ఎత్తిపట్టుకుని, వేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే కొంటారు. బొదబొదమంటే పక్కన పెట్టేస్తారు. ఇంటికి తెచ్చి నీళ్ళు పోశాక అది కారిందంటే, మళ్ళీ సంతనాడు పట్టుకుపోయి కుమ్మరికి చూపించి మార్చుకుంటారు. లోకంలో చాలా వ్యాపారాలు ఇలాగే సాగుతాయి. వస్తువులో లోపం ఉంటే కొన్నవాళ్ళే కనిపెట్టాలి, కొన్నవాళ్ళే వెళ్ళి అడగాలి.

మోటారు బళ్ళ విషయంలో మాత్రం ఒక వింత జరుగుతూ ఉంటుంది. కారు కొన్న ఆయన దాన్ని హాయిగా తిప్పుకుంటూ ఉంటాడు. బండి చక్కగానే నడుస్తూ ఉంటుంది. అలా ఉండగా ఒకనాడు కంపెనీవారి దగ్గర నుంచి ఉత్తరమో, ఫోనో వస్తుంది. మీ బండిలో ఒక భాగం సరిగా లేదేమోనని మాకు అనుమానంగా ఉంది, దయచేసి మా వర్క్‌షాపుకు తీసుకురండి, డబ్బు తీసుకోకుండా బాగుచేసి ఇస్తాము అని దాని సారాంశం. దీన్నే "రీకాల్" అంటారు. అంటే, అమ్మిన బండిని వెనక్కి పిలవటం అన్నమాట.

కుమ్మరి మన ఇంటికి వచ్చి, "అమ్మా, నీ కుండ పగులుతుందేమో, ఒకసారి ఇలా ఇవ్వు," అని అడిగితే ఎంత ఆశ్చర్యంగా ఉంటుంది! మరి కార్ల కంపెనీలు అలా ఎందుకు చేస్తాయి? కుండ పగిలితే పోయేవి నీళ్ళు. కారు బ్రేకు విరిగితే పోయేది ప్రాణం. అదీ కారులో ఉన్నవాళ్ళ ప్రాణం ఒక్కటే కాదు, రోడ్డు వార నడిచిపోయే మనిషి ప్రాణం కూడా. అందుచేత, కొన్నవాడు వచ్చి అడిగేదాకా ఆగటానికి వీల్లేదు.

అయితే ఏ లోపానికి బళ్ళను వెనక్కి పిలవాలి? ఎప్పుడు పిలవాలి? ఎన్నిటిని పిలవాలి? ఇవి ఎవరు, ఎలా తేల్చుకుంటారు? ఈ నెల ఆ సంగతి తెలుసుకుందాం.

మన రాష్ట్రంలో జరిగినదే

దూరదేశాల దాకా పోకుండా మన ఆంధ్రదేశంలోనే మొదలుపెడదాం. శ్రీ సత్యసాయి జిల్లాలో పెనుకొండ దగ్గర కియా అనే కొరియా దేశపు సంస్థవారి పెద్ద కార్ల కర్మాగారం ఉంది. 2019లో అక్కడ కార్ల తయారీ మొదలయింది. సెల్టోస్, కారెన్స్ అనే కార్లు ఈ కర్మాగారంలో తయారైనవే. వీటిని మన గోదావరి జిల్లాల రోడ్ల మీద మీరు చూసే ఉంటారు.

2022 అక్టోబరులో ఆ సంస్థ 44,174 కారెన్స్ కార్లను పరీక్ష కోసం వెనక్కి పిలిచింది. కారు గుద్దుకున్నప్పుడు లోపలి మనుషులకు దెబ్బ తగలకుండా ఎయిర్‌బ్యాగు అనే గాలిసంచి ఉబ్బి అడ్డుపడుతుంది. ఎప్పుడు ఉబ్బాలో దానికి చెప్పటానికి ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. ఆ కంప్యూటరుకు రాసిన ఆజ్ఞలలో తప్పు ఉండవచ్చునని అనుమానం వచ్చింది. 2023 జూనులో మళ్ళీ 30,297 కారెన్స్ కార్లకు పిలుపు వచ్చింది. ఈసారి అనుమానం డ్రైవరు ఎదుట వేగమూ, హెచ్చరికలూ చూపించే పలక మీద. బండి స్టార్టు చేసినప్పుడు అది వెలగకుండా ఖాళీగా ఉండిపోవచ్చునట. 2024 ఫిబ్రవరిలో 4,358 సెల్టోస్ కార్లను పిలిచారు. ఇవి క్లచ్చి తొక్కే పని లేని ఒక రకం పెట్రోలు కార్లు. వీటిలో నూనెను తోసే విద్యుత్ పంపును నడిపించే భాగం మీద అనుమానం కలిగింది.

ఈ అంకెలు చూస్తే మీకు ఒక ప్రశ్న తోచాలి. "4,358 కార్లే ఎందుకు? కర్మాగారంలో లక్షల కార్లు తయారయ్యాయి కదా. వాటిలో ఈ కార్లనే ఎలా ఏరారు?" అని.

దానికి జవాబు మీ బడిలోనే ఉంది. బడిలో చేరిన ప్రతి పిల్లవాడికీ అడ్మిషను రిజిస్టరులో ఒక నంబరు ఉంటుంది. వాడు ఏనాడు చేరాడు, ఏ తరగతిలో చదివాడు అన్నీ ఆ నంబరును పట్టుకుని చెప్పవచ్చు. కారుకు కూడా అలాంటి నంబరు ఉంది. అందులో అక్షరాలూ అంకెలూ కలిసి 17 ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలలో ఐ, ఓ, క్యూ అనే మూడింటిని అందులో వాడరు. ఎందుకో చెప్పగలరా? అవి ఒకటి, సున్న అనే అంకెల్లా కనిపించి పొరపాటు జరుగుతుందని!

కారులో చిన్న మర దగ్గర నుంచి లెక్కపెడితే సుమారు 30,000 భాగాలు ఉంటాయి. ఇవన్నీ ఒకచోట తయారుకావు. ఎన్నో కర్మాగారాల నుంచి పెట్టెలు పెట్టెలుగా వస్తాయి. ఏ కర్మాగారం నుంచి ఏ తేదీన వచ్చిన సరుకు ఏ కార్లలో బిగించారో కంపెనీవారు రాసిపెట్టుకుంటారు. ఈ లెక్క సరిగ్గా ఉంటే, లోపం ఉన్న సరుకు ఎన్ని కార్లలో చేరిందో వేలుపెట్టి చూపించవచ్చు. పైన చెప్పిన సెల్టోస్ కార్లు 2023 ఫిబ్రవరి 28కీ, జులై 13కీ మధ్య తయారైనవి. లెక్క సరిగా రాయనివాడు లోపం వచ్చిననాడు ఏ కారును పిలవాలో తెలియక చీకట్లో తడుముకోవలసిందే.

ఏటిగట్టు మీద కాపలా

ఇక, లోపం ఉన్నట్టు అసలు ఎలా తెలుస్తుంది? కారు మాట్లాడదు కదా!

గోదావరి ఒడ్డు ఊళ్ళ పిల్లలకు ఈ సంగతి సులువుగా బోధపడుతుంది. వరద వచ్చినప్పుడు ఏటిగట్టు మీద రాత్రింబగళ్ళు మనుషులు దీపాలు పట్టుకుని తిరుగుతారు. వాళ్ళు నదివైపే కాదు, గట్టుకు ఇవతలివైపు కూడా చూస్తారు. ఎక్కడన్నా తడి కనిపించిందా? ఎలుక బొరియ లోంచి నీళ్ళు ఊరుతున్నాయా? ఆ ఊరే నీళ్ళు తేటగా ఉన్నాయా, మట్టితో కలిసి వస్తున్నాయా? మట్టి వస్తున్నదంటే గట్టు లోపల కోసుకుపోతున్నదని అర్థం. వెంటనే కేకవేసి, ఇసుక బస్తాలు తెప్పిస్తారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీటితో పారినప్పుడు ఏటిగట్లకు చాలాచోట్ల గండ్లు పడ్డాయి. గండి పడ్డాక ఎన్ని బస్తాలు వేస్తే ఏం లాభం? ఊట కనిపించినప్పుడే వెయ్యాలి.

కార్ల కంపెనీలో కూడా ఇలాంటి కాపలా ఉండాలి. వాళ్ళకు కనిపించే "ఊటలు" ఇవి: కొత్త కారులో ఏదన్నా పాడైతే వర్క్‌షాపువారు వారంటీ కింద ఉచితంగా మార్చి, ఏ భాగం మార్చారో కంపెనీకి రాస్తారు. తీసేసిన పాత భాగాన్ని పంపుతారు. కొన్నవాళ్ళు ఫిర్యాదులు చేస్తారు. ప్రమాదాల సంగతి తెలుస్తుంది. భాగాలు తయారుచేసే కర్మాగారంవారే ఒక్కొక్కప్పుడు, "మేము పంపిన సరుకులో తేడా ఉంది," అని చెబుతారు.

ఇందులో ఒక చిక్కు ఉంది. కాకినాడలో ఒక కారుకు బ్రేకు గొట్టం పగిలిందనుకోండి. అక్కడి మెకానిక్కు, "ఏదో రాయి తగిలి ఉంటుంది," అనుకుంటాడు. అదే వారంలో గుంటూరులో ఒకటి, జయపూరులో ఒకటి పగిలితే అక్కడివాళ్ళు కూడా అలాగే అనుకుంటారు. ఎవరికి వారికి అది ఒక్కటే. మూడు కాగితాలూ ఒకే బల్ల మీదికి చేరి, ఒక మనిషి వాటిని పక్కపక్కన పెట్టి చూసినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. బడిలో ఒక పిల్లవాడికి కడుపునొప్పి వస్తే ఉపాధ్యాయుడు ఇంటికి పంపిస్తాడు. ఒకేనాడు ఒకే తరగతిలో అయిదుగురికి వస్తే, మంచినీళ్ళ కుండ వైపు చూస్తాడు. తేడా అదే.

మూడు ప్రశ్నలు

అనుమానం వచ్చాక ఇంజనీర్లు ఆ భాగాన్ని కోసి చూస్తారు. వేడిలో, చలిలో, కుదుపులో పెట్టి, అది మళ్ళీ అలాగే పాడవుతుందేమో పరీక్షిస్తారు. తరవాత తమను తాము మూడు ప్రశ్నలు వేసుకుంటారు.

మొదటిది: ఇది పాడైతే ఏమవుతుంది? కారులో చల్లగాలి మరబడి ఆగిపోతే చెమట పడుతుంది. స్టీరింగు బిగుసుకుపోతే కారు కాలవలో పడుతుంది. రెండూ లోపాలే, కాని రెండూ ఒకటి కాదు.

రెండవది: ఇది పాడయ్యేముందు డ్రైవరుకు చెబుతుందా? కొన్ని భాగాలు అరిగేకొద్దీ కీచుమని అరుస్తాయి. డ్రైవరు ఆగి చూసుకోవచ్చు. కొన్ని చివరి క్షణం వరకూ నోరు మెదపవు. చెప్పకుండా పోయే లోపం చాలా చెడ్డది.

మూడవది: ఎన్ని కార్లలో ఇది ఉండవచ్చు? వందకు ఒకటా, లక్షకు ఒకటా?

ఇక్కడ మీరు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. లక్ష కార్లలో వెయ్యి కార్లకు రంగు వెలిసిపోయినా వెనక్కి పిలవనక్కరలేదు. అది చూడటానికి బాగుండదు, అంతే. లక్ష కార్లలో పది కార్లకే చక్రం ఊడిపోయేట్టున్నా, లక్షకు లక్షా పిలవాలి. ఎందుకంటే ఆ పది ఎవరివో ముందుగా తెలియదు. ఎన్ని పాడయ్యాయి అన్నదానికన్నా, పాడయిననాడు మనిషికి తప్పించుకునే దారి ఉంటుందా అన్నదే పెద్ద ప్రశ్న.

ఇప్పుడు మీరు కియా కార్ల సంగతులను ఈ మూడు ప్రశ్నలతో పరీక్షించండి. గాలిసంచి పనిచేస్తుందో లేదో మామూలు రోజుల్లో తెలియదు, అవసరం వచ్చిన క్షణానే తెలుస్తుంది. హెచ్చరికలు చూపే పలకే చీకటైతే, తక్కిన లోపాలు డ్రైవరుకు ఎవరు చెబుతారు? ఏ లోపానికి ఎందుకు పిలుపు వచ్చిందో మీకే బోధపడుతుంది.

అలాగని ప్రతి చిన్నదానికీ పిలవటం కూడా మంచిది కాదు. మాటిమాటికీ పిలుస్తూ ఉంటే జనం, "వీళ్ళకు ఇదే పని," అని ఊరుకుంటారు. "నాన్నా, పులి!" కథలో కుర్రవాడి గతి మీకు తెలుసు కదా. నిజంగా ప్రాణం మీదికి వచ్చే పిలుపును ఎవరూ పట్టించుకోరు. అందుచేతనే ఆలోచించి తేల్చుకోవలసి వస్తుంది.

డబ్బు లెక్క

కంపెనీలో ఈ నిర్ణయం చేసేటప్పుడు ఇంజనీర్లు మాత్రమే ఉండరు. డబ్బు లెక్కలు చూసేవారూ, కార్లు అమ్మేవారూ కూడా ఉంటారు. లక్ష కార్లను బాగుచెయ్యాలంటే కోట్ల ఖర్చు. కంపెనీ పేరు పేపర్లలో పడుతుంది. "ఇంకా రుజువు కాలేదు కదా, ఇంకొన్నాళ్ళు చూద్దాం," అనాలని ఎవరికైనా బుద్ధి పుడుతుంది.

ఇలాంటి లెక్క ఒకటి లోకప్రసిద్ధమయింది. అమెరికాలో ఫోర్డు సంస్థలో 1973లో ఒక కాగితం తయారయింది. కారు బోల్తాపడినప్పుడు పెట్రోలు కారి మంట లేవకుండా ఒక ఏర్పాటు చెయ్యాలంటే బండికి 11 డాలర్లు అవుతుంది. ఏడాదికి అమ్ముడయ్యే 1,25,00,000 బళ్ళకు మొత్తం 13,75,00,000 డాలర్లు. ఆ ఏర్పాటు చేస్తే 180 మంది చావకుండా ఉంటారు. ఒక్కొక్క ప్రాణానికి 2,00,000 డాలర్లు కట్టి, గాయాలూ కాలిన బళ్ళూ కూడా కలిపితే, వచ్చే లాభం 4,95,00,000 డాలర్లు. కాబట్టి ఖర్చు ఎక్కువ, లాభం తక్కువ అని ఆ కాగితం తేల్చింది!

ఇది ఏ ఒక్క కారును గురించీ వేసిన లెక్క కాదు. ప్రాణానికి కట్టిన వెల కూడా ప్రభుత్వంవారు తమ లెక్కలకు వాడినదే. కాని ఆ రోజుల్లోనే ఫోర్డువారి పింటో అనే చిన్న కారు, వెనక నుంచి ఏదన్నా గుద్దితే పెట్రోలు ట్యాంకు చితికి అంటుకుంటున్నదని గొడవ బయలుదేరింది. 1977లో ఆ కాగితం పత్రికకెక్కింది. జనం మండిపడ్డారు. 1978 జూనులో ఫోర్డువారు సుమారు 15 లక్షల కార్లను వెనక్కి పిలవవలసి వచ్చింది.

ఆ లెక్కలో కూడికలూ, గుణకారాలూ తప్పు కాదు. మీరు వేసినా అదే వస్తుంది. కాని, వెల కట్టకూడనిదానికి వెల కట్టి, దాన్ని 11 డాలర్లతో పక్కపక్కన తూచారు. లెక్కలు నేర్చుకునేవాళ్ళు అంకెలు సరిగ్గా కూడటమే కాదు, వేటిని కూడవచ్చో, వేటిని కూడరాదో కూడా తెలుసుకోవాలి.

గీత ఎక్కడ గియ్యాలి?

ఒక్కొక్కప్పుడు కంపెనీ వెంటనే పిలుస్తుంది. కాని గీత చిన్నదిగా గీస్తుంది. అదీ ప్రమాదమే. దీనికి తకాటా అనే జపాను సంస్థ కథ నిదర్శనం.

తకాటావారు గాలిసంచులు తయారుచేసి ఎన్నో కార్ల కంపెనీలకు అమ్మేవారు. గాలిసంచి కన్ను మూసి తెరిచేలోగా ఉబ్బాలి. అందుకోసం ఒక లోహపు డబ్బాలో మందు బిళ్ళలు పెడతారు. కారు గుద్దుకోగానే అవి మండి, వాయువు పుట్టి సంచి ఉబ్బుతుంది. తకాటావారు ఈ పనికి అమ్మోనియం నైట్రేటు అనే పదార్థం వాడారు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

మన ఇళ్ళలో దీపావళికి ముందు మతాబులూ, చిచ్చుబుడ్లూ ఎండలో పెడతారు కదా? చెమ్మగిల్లితే తుస్సుమంటాయని భయం. మరి గాలిసంచిలో మందు కూడా చెమ్మగిల్లితే తుస్సుమనాలి కదా! అలా జరగలేదు. అది మామూలుకన్నా ఎక్కువ జోరుగా పేలింది. ఎందుచేత?

పొలంలో నల్లమట్టి గడ్డను చూడండి. వానకు తడిసి, ఎండకు ఎండి, మళ్ళీ తడిసి, మళ్ళీ ఎండి, చివరకు పొడిపొడి అవుతుంది. ఆ మందు బిళ్ళలకూ అదే జరిగింది. ఏళ్ళ తరబడి తేమా, వేడీ, చల్లదనమూ మారి మారి తగిలి అవి లోపల గుల్లబారి పొడి అయ్యాయి. మొద్దు నిదానంగా మండుతుంది. అదే మొద్దును చితుకులు చేస్తే భగ్గుమంటుంది. నిప్పుకు తగిలే చోటు పెరుగుతుంది గనక! బిళ్ళగా ఉండవలసిన మందు పొడి అయ్యేసరికి ఒక్కసారిగా మండి, లోహపు డబ్బానే బద్దలుకొట్టింది. ప్రాణం కాపాడవలసిన సంచి లోంచి ఇనప ముక్కలు మనిషి మీదికి ఎగిరాయి.

2008లో హోండావారు ఈ కారణంగా మొదట పిలిచినది సుమారు 4,000 కార్లనే. తయారీలో ఎక్కడో తేడా వచ్చిందనీ, లోపం ఆ కొద్ది కార్లలోనే ఉంటుందనీ అనుకున్నారు. 2009 మే నెలలో అమెరికాలోని ఓక్లహోమాలో ఒక 18 ఏళ్ళ అమ్మాయి అలాంటి ముక్క తగిలి చనిపోయింది. ఆమె నడిపిన కారు ఆ 4,000లో లేదు. తరవాత ఏటేటా గీత పెద్దది చేస్తూ పోయారు. ఫ్లారిడా, హవాయి, ప్యూర్టో రికో లాంటి ఉక్కపోత ప్రదేశాలలోనే పేలుళ్ళు ఎక్కువని తేలింది. అప్పుడు గాని తేమ మీద దృష్టి నిలవలేదు. చివరకు ఒక్క అమెరికాలోనే సుమారు 6,70,00,000 గాలిసంచుల డబ్బాలు మార్చవలసి వచ్చింది. ప్రపంచంలో 30 మందికి పైగా చనిపోయారు. పరీక్షల ఫలితాలు దిద్ది చూపించారని తకాటా మీద నేరం వచ్చింది. 2017లో సంస్థ ఆ నేరం ఒప్పుకుని, అదే ఏడాది దివాలా తీసింది.

ఈ కథ మనకెందుకంటారా? మన గోదావరి సీమలో వేసవిలో ఉక్క ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఉప్పు డబ్బా మూత తీసి ఉంచితే వానాకాలంలో ఏమవుతుందో మీ అమ్మగారిని అడగండి. ఇలాంటి గాలిసంచుల కోసమే 2016 అక్టోబరులో హోండావారు మన దేశంలో సుమారు 1,90,000 పాత కార్లను వెనక్కి పిలిచారు. పాత కార్లు మొదటి యజమాని దగ్గరే ఉంటాయా? చేతులు మారుతూ, ఊళ్ళు మారుతూ ఉంటాయి. కంపెనీ ఉత్తరం మొదటి ఆయన చిరునామాకు పోతుంది. కారు మాత్రం ఇంకొకరి పెరట్లో ఉంటుంది.

చట్టం ఏమంటుంది?

అమెరికాలో 1966లోనే ఇందుకు చట్టం చేశారు. ప్రాణాపాయం కలిగించే లోపం ఉందని కంపెనీ తేల్చుకున్న తరవాత 5 పనిదినాలలో ప్రభుత్వానికి చెప్పి తీరాలని అక్కడ నిబంధన ఉంది. మన దేశంలో చాలాకాలం అలాంటి చట్టం లేదు. 2012లో కార్ల కంపెనీల సంఘంవారు తమకు తామే కొన్ని నియమాలు పెట్టుకున్నారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, వెనక్కి పిలవమని ఆజ్ఞాపించే అధికారం కేంద్రప్రభుత్వానికి ఇచ్చారు. 2021 ఏప్రిల్ 1 నుంచి దానికి నిబంధనలు అమలులోకి వచ్చాయి. అవి 7 ఏళ్ళ లోపు బళ్ళకు వర్తిస్తాయి. ఒకే రకం బండి మీద ఒకే లోపాన్ని గురించి తగినన్ని ఫిర్యాదులు వస్తే ప్రభుత్వం విచారణ జరిపిస్తుంది. లోపం నిజమైతే కంపెనీ బళ్ళను పిలవాలి, జరిమానా కూడా కట్టాలి.

ఈ చట్టంలో నాకు నచ్చిన మాట ఒకటి ఉంది. కంపెనీయే తన బళ్ళలో లోపం కనిపెట్టి, ప్రభుత్వానికి తెలియజేసి, తానే వెనక్కి పిలిస్తే ఆ జరిమానా ఉండదు. మంచి ఉపాధ్యాయులు పాటించే నీతి ఇదే. తప్పు చేసినవాడు తానే వచ్చి చెబితే దిద్దుతారు. దాచిపెట్టి దొరికితే దండిస్తారు. అలా అయితేనే పిల్లలు నిజం చెప్పటానికి జంకరు.

అన్ని పిలుపులూ సకాలంలో రావు. 2022 ఏప్రిల్‌లో తెలంగాణాలోని నిజామాబాదులో ఒక ఇంట్లో రాత్రివేళ ఛార్జింగుకు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ పేలి, ఒక ముసలాయన చనిపోయాడు. ఆ స్కూటరు హైదరాబాదుకు చెందిన ప్యూర్ ఈవీ అనే సంస్థది. ఆ తరవాత రెండు రోజుల్లోనే ఆ సంస్థ 2,000 స్కూటర్లను వెనక్కి పిలిచింది. ఆ ఏడాది ఇలాంటి మంటలు దేశంలో చాలాచోట్ల లేచాయి. ఇంకా కొన్ని సంస్థలు కూడా తమ స్కూటర్లను పిలిచాయి. గండి పడ్డాక వేసిన బస్తాలు తక్కిన ఊళ్ళను కాపాడతాయి, నిజమే. కాని మొదటి ఊరికి ఆ సాయం అందదు.

మన వంతు

పిల్లలూ, కంపెనీ పిలిచినంత మాత్రాన పని పూర్తి కాదు. పిలుపు అందుకున్నవాళ్ళు బండిని తీసుకుపోవాలి. "బండి బాగానే నడుస్తున్నది కదా, ఎందుకు శ్రమ?" అని చాలామంది ఊరుకుంటారు. ప్రతి పిలుపులోనూ రాని బళ్ళు కొన్ని మిగిలిపోతాయి. కంపెనీవారు చెప్పేదే అది: ఈవేళ బాగా నడుస్తున్నది, రేపటి సంగతే అనుమానం.

కొందరు, "వెనక్కి పిలిచారంటే అది నాసిరకం కంపెనీ," అంటారు. అది సరి కాదు. 30,000 భాగాలున్న యంత్రంలో ఎప్పుడూ ఏ లోపమూ రానివాడు లేడు. లోపం కనిపెట్టి త్వరగా చెప్పినవాణ్ణి వెక్కిరిస్తే, మరొకడు దాచిపెట్టటం నేర్చుకుంటాడు. మనం అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఎప్పుడు తెలిసింది? ఎప్పుడు చెప్పారు? అందరికీ చెప్పారా?

మీ ఇంట్లో కారో, స్కూటరో ఉంటే మీరు చెయ్యదగిన పని ఒకటి ఉంది. రిజిస్ట్రేషను కార్డు మీద ఛాసిస్ నంబరు ఉంటుంది. నేను చెప్పిన 17 అక్షరాల నంబరు అదే. నాన్నగారి దగ్గర కూర్చుని దాన్ని నోటు పుస్తకంలో తప్పు లేకుండా రాసుకోండి. చాలా కంపెనీలు తమ వెబ్‌సైటులో ఆ నంబరు వేసి, బండికి పిలుపు ఉన్నదీ లేనిదీ చూసుకునే ఏర్పాటు చేశాయి. లేకపోతే వర్క్‌షాపులో అడిగినా చెబుతారు. బండి పాతదై, వేరొకరి దగ్గర కొన్నదైతే తప్పకుండా అడగాలి. దానికి పిలుపు ఎప్పుడో వచ్చి, మీ ఇంటికి చేరకపోయి ఉండవచ్చు. మీ నాన్నగారి ఫోను నంబరూ, చిరునామా కూడా అక్కడ రాయించండి. రేపు పిలవవలసి వస్తే ఆ మాట తిన్నగా మీ ఇంటికే రావాలి.